‘ఫ్రీ’ అంటే ఏంటి? ఎక్కడ ఎలా వాడాలి? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీషు అస్సలు రాదనేవాళ్లు కూడా పొద్దున లేచింది మొదలు వాడే మాట ‘ఫ్రీ’. “సాయంత్రం ఫ్రీయేనా?”, “ఒకటి కొంటే ఒకటి ఫ్రీ”, “మోషన్ ఫ్రీగా అవుతోందా?”, “కొత్తవాళ్లతో కూడా ఫ్రీగా మాట్లాడేస్తాడు”. తెలుగులో మాట్లాడుకున్నంత సేపూ దీంతో ఏ ఇబ్బందీ లేదు. అదే మాటను ఇంగ్లీషు వాక్యంలో పెట్టాల్సి వచ్చినప్పుడే చిక్కు. మెయిల్ రాసేటప్పుడు, ఇంటర్వ్యూలో, విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు “ఇక్కడ ఇలా అనొచ్చా?” అనే అనుమానం వస్తుంది. స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు, వాటికి జవాబులు ఇవి.

‘ఫ్రీ’ అంటే ఉచితమా, స్వేచ్ఛా, ఖాళీయా? ఏది అసలు అర్థం?

అన్నీ అసలు అర్థాలే. ఈ మాట ఎక్కడ కనిపించినా ‘ఇక్కడ ఏది లేదు?’ అని మనసులో ఒక ప్రశ్న వేసుకోండి. డబ్బు కట్టే పని లేకపోతే ఉచితం. చేతిలో పని లేకపోతే తీరిక. ఒకరి అదుపు లేకపోతే స్వేచ్ఛ. కూర్చున్న మనిషి లేకపోతే ఖాళీ సీటు. చక్కెర లేకపోతే ‘షుగర్ ఫ్రీ’.

తెలుగులో వీటన్నిటికీ విడివిడిగా మాటలున్నాయి. ఇంగ్లీషు ఒక్క మాటతోనే అన్ని పనులూ చేయిస్తుంది. అందుకే ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చేటప్పుడు కూడా తడబాటే. “ఫ్రీ కంట్రీ” అంటే ఉచిత దేశం కాదని ఎవరైనా చెప్తారు. కానీ స్వేచ్ఛ ఉన్న పత్రికలు అనే అర్థమున్న “ఫ్రీ ప్రెస్”ను ఊరికే పంచే పేపరు అనుకునేవాళ్లు నిజంగానే ఉన్నారు.

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘ఫ్రేయో’. ఇంకా వెనక్కి వెళ్తే ‘ప్రేమించు’, ‘ఇష్టమైన’ అనే అర్థాలున్న మూలం తగులుతుంది. సంస్కృతంలోని ‘ప్రియ’ కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. అంటే ‘ఫ్రీ’, ‘ప్రియ’ దూరపు చుట్టాలు. ‘ఫ్రెండ్’ కూడా ఆ కుటుంబమే. ప్రేమకు ఉచితానికి సంబంధం ఏంటంటే, పూర్వం ఇంట్లో ఉండేవాళ్లలో రెండు రకాలు: సొంతవాళ్లు, బానిసలు. సొంతవాళ్లు ప్రియమైనవాళ్లు, కాబట్టి స్వతంత్రులు కూడా. అలా ‘ప్రియమైన’ కాస్తా ‘స్వతంత్రమైన’గా మారిందని భాషావేత్తలు చెప్పే కారణం. ‘డబ్బు కట్టక్కర్లేని’ అనే అర్థం చాలా తర్వాత చేరింది.

ఇందులో తెలుగువాళ్లకు మాత్రమే దొరికే తమాషా ఒకటుంది. మన దగ్గర ‘ప్రియం’ అంటే ఖరీదెక్కువ అని కూడా. “టమాటాలు మరీ ప్రియమైపోయాయి” అంటాం. ఒకే మూలం నుంచి పుట్టి, అక్కడ ధర లేనిదైంది, ఇక్కడ ధర పెరిగినదైంది.

“ఆర్ యూ ఫ్రీ?” అని పెద్దవాళ్లను అడగొచ్చా?

అడగొచ్చు, తప్పేం లేదు. “ఆర్ యూ ఫ్రీ టుమారో?”, “ఐయామ్ ఫ్రీ ఆఫ్టర్ ఫైవ్”, “ఐయామ్ ఫ్రీ ఆన్ మండే” ఇవన్నీ శుభ్రమైన ఇంగ్లీషు. గంటకు ‘యట్’, మండే లాంటి వారం పేరుకు ‘ఆన్’ వాడితే చాలు.

తెలుగులో ఈ అర్థంలో ‘ఫ్రీ’ ఇంత గట్టిగా పాతుకుపోవడానికి కారణం మర్యాద అని నా అభిప్రాయం. ఆఫీసులో పై అధికారి దగ్గరికి వెళ్లి “ఖాళీగా ఉన్నారా సార్?” అని అడిగి చూడండి. మొహం మారిపోతుంది. మన దగ్గర “వాడు ఖాళీగా ఉన్నాడు” అంటే పనీపాటా లేకుండా తిరుగుతున్నాడని, ఇంకా చెప్పాలంటే ఉద్యోగం లేదని. “తీరికగా ఉన్నారా?” అంటే మర్యాదగానే ఉంటుంది కానీ కాస్త పుస్తకంలో మాటలా వినిపిస్తుంది. “ఫ్రీగా ఉన్నారా సార్?” అంటే ఏ గొడవా లేదు.

ఇంగ్లీషులో మాత్రం, ఇప్పటికిప్పుడు రెండు నిమిషాలు మాట్లాడాలంటే “ఆర్ యూ ఫ్రీ?” కంటే “డూ యూ హావ్ ఎ మినిట్?” అనడం బాగుంటుంది. మొదటిది వింటే ఎదుటి మనిషికి ‘ఎంతసేపు? దేనికి?’ అని చిన్న టెన్షన్ మొదలవుతుంది. రాబోయే రోజు గురించి, గంట గురించి అడిగేటప్పుడు ‘ఫ్రీ’ సరిగ్గా సరిపోతుంది. మెయిల్‌లో అయితే “ఆర్ యూ అవైలబుల్?” ఇంకొంచెం ఆఫీసు పద్ధతిలో ఉంటుంది.

సీటు ‘ఫ్రీ’యా, ‘వేకెంటా’, ‘ఎంప్టీ’యా?

సినిమా హాల్లోనో రైల్లోనో పక్క సీటు గురించి అడగాలంటే “ఈజ్ దిస్ సీట్ ఫ్రీ?” చాలు. దాన్నే తిరగేసి “ఈజ్ దిస్ సీట్ టేకెన్?” అని కూడా అడుగుతారు. ఈ రెండో దానికి జవాబు చెప్పేటప్పుడే మనవాళ్లు తికమకపడతారు. సీటు ఖాళీగా ఉంటే మొదటి ప్రశ్నకు “ఎస్”, రెండో ప్రశ్నకు “నో”. మనం బస్సులో “ఇక్కడ ఎవరైనా వస్తారా?” అని అడుగుతాం కదా, దానికి దగ్గరగా ఉండేది రెండోదే.

‘వేకెంట్’ అద్దె ఇల్లు, ఉద్యోగం, విమానంలో బాత్రూమ్ తలుపు లాంటి వాటికి. ‘ఎంప్టీ’ అంటే లోపల ఏమీ లేదని. “ద బస్ ఈజ్ ఎంప్టీ” అంటే మొత్తం బస్సులో ఎవరూ లేరు. “ద బస్ ఈజ్ ఫ్రీ” అంటే టికెట్ లేదు.

“ఫ్రీగా”ని ఇంగ్లీషులో ‘ఫ్రీలీ’ అనాలా?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. మనం ఏ మాటకైనా ‘గా’ తగిలిస్తే అది క్రియా విశేషణం అయిపోతుంది. ఇంగ్లీషులో ఆ పని ‘లీ’ చేస్తుందని బడిలో చెప్పారు. కాబట్టి ఫ్రీగా అంటే ఫ్రీలీ అని లెక్క వేసుకుంటాం. ఈ మాట విషయంలో లెక్క సగమే నిజం.

డబ్బు సంగతి అయితే ‘ఫ్రీ’ని అలాగే ఉంచాలి. “చిల్డ్రన్ అండర్ ఫైవ్ ట్రావెల్ ఫ్రీ” అంటే ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ లేదు. “చిల్డ్రన్ ట్రావెల్ ఫ్రీలీ” అంటే పిల్లలు ఎక్కడికి కావాలంటే అక్కడికి అడ్డూ అదుపూ లేకుండా తిరిగేస్తున్నారు. అడ్డంకి లేకపోవడం, మొహమాటం లేకపోవడం అయితే ‘ఫ్రీలీ’. “స్పీక్ ఫ్రీలీ” అంటే మొహమాటం లేకుండా చెప్పు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకం గురించి ఇంగ్లీషులో చెప్పాలంటే “విమెన్ ట్రావెల్ ఫ్రీ” లేదా “ఫ్రీ బస్ ట్రావెల్ ఫర్ విమెన్”. ‘ఫ్రీలీ’ పెడితే వార్త మారిపోతుంది. ఆ బస్సుల్లో ఆధార్ చూపిస్తే కండక్టర్ ఇచ్చే ‘జీరో టికెట్’ మాత్రం మన సొంత సృష్టి. టికెట్ ఉంటుంది, దాని మీద కట్టాల్సింది సున్నా. ఇంగ్లండ్ వాళ్లకు ఈ మాట చెప్తే అర్థం కాదు, కానీ ‘ఫ్రీ టికెట్’ కంటే ఇదే స్పష్టంగా ఉందనిపిస్తుంది.

“ఫ్రీ ఆఫ్ కాస్ట్”, “ఫర్ ఫ్రీ”, “యట్ ఫ్రీ ఆఫ్ కాస్ట్”: ఏది కరెక్ట్?

చివరిది తప్పు. మిగతావి వాడొచ్చు.

‘ఫ్రీ ఆఫ్ కాస్ట్’ మన దేశంలో బాగా చెల్లుతుంది. బయట ‘ఫ్రీ ఆఫ్ ఛార్జ్’ ఎక్కువగా వినిపిస్తుంది. ‘ఫర్ ఫ్రీ’ని పాతకాలం వ్యాకరణ మాస్టార్లు ఒప్పుకునేవాళ్లు కాదు. ‘ఫర్’ తర్వాత నామవాచకం రావాలి, ‘ఫ్రీ’ విశేషణం కదా అని వాళ్ల వాదన. ఇప్పుడు మాట్లాడేటప్పుడు అందరూ వాడుతున్నారు, ఇంటర్వ్యూలో అన్నా ఎవరూ మార్కులు తీసేయరు. దరఖాస్తులు, ఒప్పంద పత్రాల్లో మాత్రం ‘ఫ్రీ ఆఫ్ ఛార్జ్’ రాయండి. కంటి శిబిరాల బ్యానర్ల మీద కనిపించే ‘యట్ ఫ్రీ ఆఫ్ కాస్ట్’లో ‘యట్’ తీసేస్తే సరిపోతుంది. ఆ బ్యానర్లు రాయించేవాళ్లకు ఎవరైనా చెప్తే బాగుండు.

‘ఫ్రీ ఆఫ్’కి ‘ఫ్రీ ఫ్రమ్’కి తేడా?

పెద్ద తేడా లేదు, చాలాచోట్ల ఏది వాడినా ఒకటే. బాధ, భయం, పీడన లాంటివి వదిలిపోయాయని చెప్పడానికి ‘ఫ్రీ ఫ్రమ్’ ఎక్కువ వినిపిస్తుంది. ఛార్జీకి మాత్రం ‘ఆఫ్’ ఒక్కటే.

ఎవరైనా “ఫీల్ ఫ్రీ” అంటే నిజంగానే అడిగేయొచ్చా?

“ఫీల్ ఫ్రీ టు కాల్ మీ” అంటే మొహమాటపడకుండా ఫోన్ చేయండి అని. మన “ఏం సంకోచించకండి” లాంటిదే. ఆఫీసు మెయిళ్ల చివర ఇది మర్యాదకు రాసే వాక్యంగా మారిపోయింది కాబట్టి, రాత్రి పదకొండింటికి కాల్ చేయడానికి పర్మిషన్ ఇచ్చినట్టు కాదు. మన ఊళ్లో “ఎప్పుడైనా భోజనానికి రండి” అన్నవాళ్ల ఇంటికి ఆ రాత్రికే వెళ్లిపోం కదా.

“యూ ఆర్ ఫ్రీ టు లీవ్” కాస్త జాగ్రత్తగా వినాల్సిన వాక్యం. పోలీసు స్టేషన్‌లో అంటే ‘ఇక మీరు వెళ్లొచ్చు’. మేనేజర్ అంటే మాత్రం ‘నచ్చకపోతే మానేసి పో’ అని కూడా కావచ్చు. గొంతును బట్టి అర్థం చేసుకోవాలి.

“ఆ అమ్మాయి అందరితో ఫ్రీగా ఉంటుంది”ని ఇంగ్లీషులో “షీ ఈజ్ వెరీ ఫ్రీ” అనొచ్చా?

అనకండి. తెలుగులో ఇది మెచ్చుకోలు. కలుపుగోలుగా ఉంటుంది, బెట్టు చేయదు, మొహమాటం లేదు అని. ఇంగ్లీషులో “షీ ఈజ్ వెరీ ఫ్రీ” అంటే ఒక అర్థంలో ఆమెకు బోలెడంత తీరిక ఉందని. ఇంకో అర్థంలో, వినేవాళ్లను బట్టి, అసభ్యంగా కూడా ధ్వనించొచ్చు. ‘మేక్ ఫ్రీ విత్’ అనే పాత పలుకుబడికి అతిగా చనువు తీసుకోవడం, ఇతరుల వస్తువులు అడగకుండా వాడేసుకోవడం అనే అర్థాలున్నాయి. ‘ఫ్రీ విత్ హిజ్ మనీ’ అంటే డబ్బు ధారాళంగా ఖర్చు పెట్టే మనిషి. ‘ఫ్రీ విత్ అడ్వైస్’ అంటే అడగకపోయినా సలహాలిచ్చే మనిషి. ఇలాంటివాళ్లు ప్రతి పెళ్లిలోనూ ఇద్దరు ముగ్గురు దొరుకుతారు.

మీరు చెప్పాలనుకున్నది “షీ ఈజ్ ఫ్రెండ్లీ” లేదా “షీ ఈజ్ ఈజీ టు టాక్ టు”. పెళ్లి సంబంధాల ప్రొఫైళ్లలో కనిపించే ‘ఫ్రీ మైండెడ్’కు బదులు ‘బ్రాడ్ మైండెడ్’ లేదా ‘ఓపెన్ మైండెడ్’ అని రాయండి. ఈ ఒక్క సవరణ పరాయి దేశంలో ఉన్న పెళ్లికొడుకు స్నేహితుల నవ్వుల నుంచి కాపాడుతుంది.

మనం మాత్రమే వాడే ‘ఫ్రీ’లు ఇంకేమున్నాయి?

చాలా ఉన్నాయి. ‘ఫ్రీ హెయిర్’ అంటే జడ వేసుకోకుండా వదిలేసిన జుట్టు. ఇంగ్లీషులో “వేర్ యువర్ హెయిర్ లూజ్” లేదా “డౌన్” అంటారు. డాక్టర్ అడిగే ‘ఫ్రీ మోషన్’ కూడా మన దగ్గరే. బయట డాక్టర్‌తో మలబద్ధకం లేదని చెప్పాలంటే “మై బవల్ మూవ్‌మెంట్స్ ఆర్ రెగ్యులర్” అనాలి. టైలర్‌తో “చంకల దగ్గర కొంచెం ఫ్రీగా పెట్టు” అంటే వదులుగా అని, అక్కడ ‘లూజ్’ చాలు.

వీటిలో నాకు బాగా నచ్చేది ‘ఫ్రీ లెఫ్ట్’. హైదరాబాద్‌లో సిగ్నల్ దగ్గర ఎడమ పక్క బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఎడమకు తిరిగేవాళ్లు ఎర్ర లైటు కోసం ఆగక్కర్లేదని. ఇక్కడ లేనిది సిగ్నల్ అడ్డు. కానీ నేరుగా వెళ్లాల్సిన ఆటో సరిగ్గా ఆ బోర్డు కిందే వచ్చి ఆగుతుంది, వెనక ఇరవై బండ్లు హారన్ కొడతాయి, ట్రాఫిక్ పోలీసు చలానా రాస్తాడు. బోర్డు మీది మాట ఒకటి, రోడ్డు మీది పరిస్థితి ఇంకొకటి. అమెరికా వెళ్లినవాళ్లు అక్కడ ‘ఫ్రీ రైట్’ అని అడిగితే అర్థం కాకపోవచ్చు. వాళ్లు ‘రైట్ ఆన్ రెడ్’ అంటారు, అదీ ముందు పూర్తిగా ఆగి, చూసుకుని తిరగాలి.

క్రికెట్‌లో ‘ఫ్రీ హిట్’లో ఫ్రీ అంటే?

అవుటవుతామనే భయం లేకుండా కొట్టే బంతి. బౌల్డ్, క్యాచ్, ఎల్బీడబ్ల్యూ ఏదీ చెల్లదు. రనౌట్ మాత్రం చెల్లుతుంది, చాలామంది అదే మర్చిపోయి పరుగెడతారు. వన్డేల్లో 2007 నుంచి మొదట బౌలర్ కాలు గీత దాటిన నోబాల్ తర్వాతి బంతికే దీన్ని ఇచ్చేవాళ్లు, 2015 నుంచి అన్ని రకాల నోబాల్స్‌కూ ఇస్తున్నారు.

‘షుగర్ ఫ్రీ’ అంటే అసలు చక్కెర లేనట్టేనా? షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా?

ముందు మాట సంగతి. తెలుగిళ్లలో ‘షుగర్’ అంటేనే జబ్బు. “మా నాన్నకు షుగర్” అంటే డబ్బాలో చక్కెర గురించి కాదు. అందుకే ‘షుగర్ ఫ్రీ’ అని చూడగానే ‘షుగర్ జబ్బు వాళ్లకు ఇబ్బంది లేనిది’ అని మనసు చదివేసుకుంటుంది. ఆ మాట చెప్పేది అది కాదు.

మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం, ‘షుగర్ ఫ్రీ’ అని రాయాలంటే 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు 0.5 గ్రాముకు మించకూడదు. ద్రవమైతే 100 మిల్లీలీటర్లకు అదే లెక్క. అంటే చక్కెర సంగతి వరకు మాట నిలబెట్టుకున్నట్టే. కానీ లేనిది చక్కెర ఒక్కటే. బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడండి. పోషకాల పట్టికలో ‘కార్బోహైడ్రేట్’ అనే వరుస ఉంటుంది, దాని కింద ‘ఆఫ్ విచ్ షుగర్స్’ లేదా ‘టోటల్ షుగర్స్’ అని ఇంకో వరుస ఉంటుంది. రెండో వరుస సున్నా అయినా మొదటి వరుస సున్నా కాదు. మైదా ఉన్నాక పిండిపదార్థం ఉంటుంది, అది కడుపులోకి వెళ్లాక గ్లూకోజే అవుతుంది. తినొచ్చా లేదా అన్నది మీ డాక్టర్ చెప్పాలి, ప్యాకెట్ కాదు.

‘నో యాడెడ్ షుగర్’ ఇంకో మాట, దాన్నీ దీన్నీ కలపకూడదు. విడిగా చక్కెర పోయలేదని మాత్రమే దాని అర్థం. మామిడి రసంలో మామిడి పండు చక్కెర ఎలాగూ ఉంటుంది.

నూనె ప్యాకెట్ల మీది ‘కొలెస్ట్రాల్ ఫ్రీ’ కూడా చూడండి. అబద్ధం కాదు. కాకపోతే వేరుశనగ నూనె, నువ్వుల నూనె, పొద్దుతిరుగుడు నూనె వేటిలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు, అది జంతువుల నుంచి వచ్చే పదార్థాల్లో ఉంటుంది. చేపలకు ఈకలుండవని గొప్పగా బోర్డు పెట్టినట్టే ఇది. అలాగే ‘గ్లూటెన్ ఫ్రీ’ అని ఎక్కువ ధరకు అమ్మే జొన్నపిండి, రాగిపిండి, బియ్యప్పిండిలో ఆ గ్లూటెన్ సహజంగానే ఉండదు. గోధుమతో కలిసే మిల్లులో ఆడించలేదని హామీ కావాలనుకునేవాళ్లకే ఆ అచ్చుకు విలువ.

చివర ‘ఫ్రీ’ తగిలించే మాటలకు, ‘లెస్’ తగిలించే మాటలకు తేడా ఏంటి?

ఉంటే బాధ అనుకున్నదానికి ‘ఫ్రీ’. పెయిన్ ఫ్రీ, టెన్షన్ ఫ్రీ, డెట్ ఫ్రీ. ఉండాల్సింది లేదు అనే లోటుకు ఎక్కువగా ‘లెస్’. హోమ్‌లెస్, జాబ్‌లెస్, హోప్‌లెస్. ఇది రాతి మీద గీత కాదు, ‘పెయిన్‌లెస్’ కూడా ఉంది. కానీ మనసులో ఏముందో ఈ తేడా చెప్తుంది. పిల్లలు కావాలనుకుని కలగని దంపతులను ‘చైల్డ్‌లెస్’ అంటారు. వద్దనుకుని హాయిగా ఉన్నామనేవాళ్లు ‘చైల్డ్ ఫ్రీ’ అని చెప్పుకుంటారు. మొదటివాళ్ల దగ్గర రెండో మాట వాడితే గాయం మీద కారం చల్లినట్టే.

‘కేర్‌ఫ్రీ’, ‘కేర్‌లెస్’ జంట కూడా ఇలాంటిదే. మొదటిది నిశ్చింత, రెండోది నిర్లక్ష్యం. రెజ్యూమెలో తారుమారు కానివ్వకండి.

‘షుగర్ ఫ్రీ’ లాంటి మాటలు నామవాచకం ముందు వస్తే, రాసేటప్పుడు మధ్యలో చిన్న గీత పెట్టాలి.

‘టోల్ ఫ్రీ’, ‘హ్యాండ్స్ ఫ్రీ’, ‘స్కాట్ ఫ్రీ’ల అర్థం?

టోల్ ఫ్రీ అంటే ఫోన్ చేసినవాళ్లకు ఛార్జీ పడదు, ఆ ఖర్చు సంస్థ పెట్టుకుంటుంది. 1800తో మొదలయ్యే నంబర్లు ఇవి. 1860తో మొదలయ్యేవి చూడ్డానికి అలాగే ఉంటాయి కానీ టోల్ ఫ్రీ కాదు.

హ్యాండ్స్ ఫ్రీ అంటే చేతులు లేవని కాదు, చేతులకు పని లేదని. ‘స్కాట్ ఫ్రీ’లో స్కాట్లాండ్ ప్రసక్తే లేదు. ‘స్కాట్’ పాతకాలపు పన్ను పేరు. పన్ను కట్టకుండా తప్పించుకున్నవాడు అనే అర్థం నుంచి ‘శిక్ష పడకుండా బయటపడ్డవాడు’ అయింది.

‘ఫ్రీ వీసా’ అంటే డబ్బు కట్టక్కర్లేని వీసానా?

కాదు. జాగ్రత్తగా చదవండి, ఈ ప్రశ్న వ్యాకరణం గురించి మాత్రమే కాదు.

జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల నోట ‘ఫ్రీ వీసా’, ‘ఆజాద్ వీసా’ అనే మాటలు వినిపిస్తాయి. ఇక్కడ ‘ఫ్రీ’ అంటే ఉచితం కాదు. ఒక కంపెనీకి కట్టుబడకుండా నచ్చిన చోట పని చేసుకోవచ్చు అనే ఆశ. ఆ వీసా ఇచ్చే స్థానిక యజమానిని కఫీల్ అంటారు. ఆయన దగ్గర అసలు పనే ఉండదు, కాగితం మీద మాత్రమే ఉద్యోగం. ఆ కాగితానికే డబ్బు, మధ్యలో ఏజెంటుకు డబ్బు, కొన్నిచోట్ల ఏటేటా మళ్లీ డబ్బు. అప్పు చేసి కడతారు.

పోనీ పనికైనా స్వేచ్ఛ ఉందా అంటే అదీ లేదు. చట్టం దృష్టిలో ఆ మనిషి కఫీల్ దగ్గర పని చేయడానికి వచ్చాడు. వేరే చోట పని చేస్తూ తనిఖీలో దొరికితే జైలు, జరిమానా, తిప్పి పంపడం. ‘ఫ్రీ వీసా’ అనే పేరుతో గల్ఫ్ చట్టాల్లో ఏ వీసా లేదు. ఎవరైనా ఏజెంటు ఆ మాట అంటే, పైన చెప్పిన ప్రశ్నే అడగండి: ఇందులో ఏది లేదు? డబ్బు లేకుండా లేదు, కట్టుబాటు లేకుండా లేదు. లేనిది ఉద్యోగమే.

ఇంజనీరింగ్‌లో ‘ఫ్రీ సీటు’ అనేవాళ్లు. అదేంటి?

ఇప్పుడు నలభై యాభై ఏళ్లున్నవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీల్లో సగం సీట్లు ‘ఫ్రీ’, సగం ‘పేమెంట్’ అయ్యాయి. ర్యాంకు వచ్చినవాళ్లకు ఫ్రీ సీటు. అది పూర్తిగా ఉచితం కాదు, ప్రభుత్వ కాలేజీలో ఉండే కొద్దిపాటి ఫీజు కట్టాలి. తేడా మాత్రం చాలా పెద్దది కాబట్టి అందరూ ‘ఫ్రీ’ అనే పిలిచారు. 2002లో ఇంకో పెద్ద తీర్పుతో ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా అంటున్నాం. “మా వాడికి ఫ్రీ సీటు వచ్చింది” అని ఊరంతా చెప్పుకున్న తండ్రుల గొంతు విన్నవాళ్లకు కన్వీనర్ కోటా అనే మాటలో ఆ దర్జా కనిపించదు.

‘ఫ్రీ సాఫ్ట్‌వేర్’ అంటే డబ్బులివ్వక్కర్లేని యాప్ అనేనా?

అందరూ అలాగే అనుకుంటారు కానీ కాదు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. ఆ ఉద్యమంలో ‘ఫ్రీ’ అంటే వాడుకునే, లోపల ఎలా పని చేస్తుందో చూసే, మార్చుకునే, ఇతరులకు పంచే స్వేచ్ఛ. ధర గురించి కాదు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కావడంతో, ‘ఫ్రీ స్పీచ్‌లో ఫ్రీ లాంటిది, ఫ్రీ బీర్‌లో ఫ్రీ లాంటిది కాదు’ అని వాళ్లు దశాబ్దాలుగా విడమరిచి చెప్పాల్సి వస్తోంది. మనకు ఆ అవస్థ లేదు. ‘స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అన్నాం, ఒక్క మాటలో తేలిపోయింది. హైదరాబాద్‌లో ఈ పని చేసే సంస్థ పేరే స్వేచ్ఛ. వాట్సాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు, కానీ అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు.

‘ఫ్రీ గిఫ్ట్’ అనడం తప్పా? ‘కాంప్లిమెంటరీ’ అంటే?

గిఫ్ట్ అంటేనే ఊరికే ఇచ్చేది, దానికి మళ్లీ ఫ్రీ ఎందుకు అని వ్యాకరణం తెలిసినవాళ్లు నవ్వుతారు. దుకాణాలవాళ్లు పట్టించుకోరు, ఎందుకంటే ఆ మాటకు జనం ఆగుతారని వాళ్లకు తెలుసు. ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతారని మనవాళ్లే జోకు వేసుకుంటాం. పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో మద్యం దుకాణాలు ‘ఫ్రీ లంచ్’ పెట్టేవి. ఆ తిండిలో ఉప్పు దండిగా ఉండేది, దాహం వేసినవాడు తాగక ఏం చేస్తాడు?

హోటల్లో ‘కాంప్లిమెంటరీ బ్రేక్‌ఫస్ట్’ అంటే గది అద్దెలోనే కలిసిపోయిందని, విడిగా బిల్లు రాదని. ‘ఫ్రీ’కి కాస్త కోటు తొడిగిన మాట అది. స్పెల్లింగ్‌లో ‘ఎల్’ తర్వాతి అక్షరం ‘ఐ’. అక్కడ ‘ఈ’ రాస్తే ‘ఒకదానికొకటి సరిపోయే’ అనే వేరే మాట అవుతుంది.

‘ఫ్రీలాన్సర్’ ఉచితంగా పని చేస్తాడా?

క్లయింట్లలో కొందరు అలాగే అనుకుంటారు. లాన్స్ అంటే ఈటె. ఏ రాజుకూ కట్టుబడకుండా, డబ్బిచ్చినవాళ్ల తరఫున పోరాడే కిరాయి సైనికుడు ఫ్రీలాన్స్. ఈటెకు యజమాని లేడు కానీ రేటు ఉంది. లోగో ఊరికే వేసిపెట్టమని అడిగే బంధువులకు ఈ చరిత్ర చెప్పి చూడండి.

దీనికి కంపారిటివ్, సూపర్లేటివ్ రూపాలున్నాయా? స్పెల్లింగ్ ఎలా?

ఉన్నాయి. ‘ఫ్రీయర్’, ‘ఫ్రీయెస్ట్’. రెండింటిలోనూ ‘ఆర్’ తర్వాత ‘ఈ’లు రెండే, మూడు రాయకూడదు. స్వేచ్ఛ, తీరిక లాంటి అర్థాల్లోనే ఇవి పనికొస్తాయి: “ఐ విల్ బీ ఫ్రీయర్ నెక్స్ట్ వీక్”. ధర విషయంలో పనికిరావు. ఉచితం కంటే ఉచితమైనది ఉండదు, కాబట్టి ఒకటి కొంటే మూడు ఫ్రీ అన్నా అది ‘ఫ్రీయర్’ కాదు.

పలకడంలో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఒక్కటే. పై పళ్లు కింది పెదవికి తగిలి గాలి బయటికి రావాలి. రెండు పెదవులూ మూసి తెరిస్తే ‘ప్రీ’ అవుతుంది, అది ‘ముందు’ అనే అర్థమిచ్చే వేరే ముక్క. ‘ప్రీ పెయిడ్’ అంటే ముందే డబ్బు కట్టిన సిమ్ కదా. దాన్ని ‘ఫ్రీ పెయిడ్’ అంటే రీచార్జి షాపువాడు కూడా ఆలోచనలో పడతాడు.